‘రాకాసిలోయ’ను సినిమాగా తీస్తే మన ఆశలేమిటి, భయాలేమిటి?

ప్రశ్న
అడిగినవారు: లోయదారి

దాసరి సుబ్రహ్మణ్యంగారి సీరియళ్ళను చందమామలో నెలనెలా చదివినవారూ, తరువాత పుస్తకాలుగా చదివినవారూ ఇక్కడ చాలామంది ఉన్నారు కనుక ఈ ప్రశ్న ఇక్కడే అడగడం సబబనిపించింది. 1954లో ‘తోకచుక్క’తో మొదలై 1978లో ‘భల్లూక మాంత్రికుడు’తో ముగిసిన ఆ పన్నెండు జానపద సీరియళ్ళలో నాకు మిక్కిలి ఇష్టమైనది 1960ల తొలి సంవత్సరాలలో వచ్చిన ‘రాకాసిలోయ’. నేను నెలనెలా ఎదురుచూసిన తరంవాణ్ణి కాను. పుస్తకంగా చేతికి వచ్చాక చదివినవాణ్ణి. అయినా కేశవుడూ, జయమల్లూ, బ్రహ్మదండి మాంత్రికుడూ నాకు బాగా తెలిసిన మనుషుల్లాగే ఉండిపోయారు.

2015లోనూ 2017లోనూ బాహుబలి రెండు భాగాలు విడుదలయ్యాక రాజులు, కోటలు, కత్తియుద్ధాల కథలకు దేశమంతటా ప్రేక్షకులున్నారని తేలిపోయింది. కాబట్టి ఈ సీరియళ్ళ మీద ఎవరో ఒకరి చూపు పడకుండా ఉండదు. ఇది ఏదో ప్రకటన చూసి అడుగుతున్న ప్రశ్న కాదు. పోస్టరు బయటికి వచ్చాక అభిమానులు చెప్పేదంతా నిందగానో భజనగానో మిగిలిపోతుంది కాబట్టి, అంతకు ముందే నిదానంగా మాట్లాడుకుంటే మేలని నా ఉద్దేశం. ఈ కథలో ఏది మారినా మీరు సహిస్తారు, ఏది మారితే సహించలేరు? నా వరకు నా భయం ఒక్కటే: అనుకోకుండా ఆపదలో చిక్కుకున్న ఒక మామూలు యువకుడిగా కాక, తెరమీదికి అడుగుపెట్టగానే చేతులు కట్టుకుని నడిచే అగ్రనటుడిగా కేశవుడు కనిపిస్తాడేమోనని.


సమాధానం 1
రాసినవారు: పాతసంచిక

లోయదారి గారూ, మీ భయానికి కారణం ఉంది, కాని అసలు సమస్య నటుడి దగ్గర మొదలు కాదని నేననుకుంటాను. ఆ సీరియళ్ళు నెలకు కొన్ని పేజీల చొప్పున, సంవత్సరాల తరబడి సాగిన కథలు. ప్రతి భాగానికీ మొదట జరిగిన కథను నాలుగు ముక్కల్లో చెప్పేవారు, చివర ఎవరో ఒకరిని ప్రాణాపాయంలో నిలబెట్టి ఆపేసేవారు. అంటే ఈ కథకు ఒక పెద్ద ఆరోహణ, ఒక పెద్ద అవరోహణ అంటూ లేవు. ఒక ఆపదలోనుంచి తప్పించుకోవడానికి వేసిన అడుగే మరొక ఆపదలోకి దారితీస్తుంది, ఆ దారే కథ. రెండున్నర గంటల సినిమాకు కూర్చునే రచయిత ఇందులో మూడింట రెండు వంతులు తీసిపారేయక తప్పదు, మిగిలినదానిని ఒక్కతాటి మీదికి తేవడానికి కేశవుడికీ మాంత్రికుడికీ మధ్య ఏదో పాతపగను కల్పించక తప్పదు. విశ్రాంతి తరువాత వచ్చే ఆ ఫ్లాష్‌బ్యాకు నా కళ్ళకు ఇప్పటికే కనిపిస్తున్నది: తండ్రి హత్య, తల్లి శపథం, చేతిమీద పుట్టుమచ్చ. దాసరిగారి కథల్లోని మనుషులు వంశ ప్రతీకారాల కోసం బయలుదేరరు. వారు చిక్కుకుంటారు, తెలివితోనూ ధైర్యంతోనూ బయటపడతారు, అంతే.

రెండవ విషయం జంటలు. ‘పాతాళదుర్గం’లో ధూమక సోమకులు, ‘శిథిలాలయం’లో శిఖిముఖి విక్రమకేసరులు, ‘యక్షపర్వతం’లో ఖడ్గవర్మ జీవదత్తులు, ‘మాయాసరోవరం’లో జయశీల సిద్ధసాధకులు. ఆయన కథానాయకుడిని ఒంటరిగా పంపడం అరుదు. ఇద్దరు మిత్రులలో ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అన్న లెక్క పాఠకుడికి తోచనే తోచదు. మన సినిమాలో కథానాయకుడి స్నేహితుడంటే నవ్వించడానికో, విశ్రాంతికి ముందు చనిపోవడానికో పుట్టినవాడు. జయమల్లు గతి అదే అవుతుందేమోనన్నది నా దిగులు.

పెద్ద దర్శకుడు, పెద్ద డబ్బు ఉంటే చాలుననుకోవడానికి కూడా వీలులేదు. టోల్కీన్ రాసిన ‘హాబిట్’ పిల్లలకోసం రాసిన ఒక చిన్న పుస్తకం. దానిని 2012 నుంచి 2014 దాకా మూడు సినిమాలుగా సాగదీసి, పుస్తకంలో లేని ఒక స్త్రీపాత్రను కల్పించి, ఆమెకొక ప్రేమకథను అతికించారు. అంతకుముందు అదే దర్శకుడు అదే రచయిత పెద్ద నవలను అద్భుతంగా తీసి ఉన్నాడు కదా! దీనికి ఎదురు ఉదాహరణ ఫిలిప్ పుల్మన్ నవల ఆధారంగా 2007లో వచ్చిన ‘గోల్డెన్ కంపాస్’. పుస్తకం ముగింపును రెండో భాగానికని దాచుకున్నారు; ఆ రెండో భాగం రానేలేదు. చివరకు ఆ నవలలు 2019 నుంచి 2022 దాకా టెలివిజన్ ధారావాహికగా పూర్తిగా వచ్చాయి. భాగాలుగా పుట్టిన కథ భాగాలుగానే తెరకెక్కాలని నా అభిప్రాయం. సినిమా వద్దు, వెబ్ సిరీస్ అయితే చూద్దాం.


సమాధానం 2
రాసినవారు: కళావిభాగం

నేను హైదరాబాదులో సినిమాల కళావిభాగంలో పనిచేస్తాను కనుక నా అభిప్రాయంలో వృత్తి పక్షపాతం కొంత ఉంటే మన్నించండి. పాతసంచిక గారు చెప్పిన ప్రమాదాలు నిజమే, కాని మార్పు అనగానే ద్రోహమని మనం అనుకోవడం సరికాదు. చందమామను 1947 జులైలో మొదలుపెట్టిన నాగిరెడ్డి, చక్రపాణిగార్లే విజయా సంస్థనూ నడిపారు; 1951లో ‘పాతాళభైరవి’ తీసింది ఆ సంస్థే. దాని మూలం మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథల్లో ఉంది. కాశీయాత్రలో మజిలీకొక కథ చొప్పున ఒక యతి గోపబాలుడికి చెప్పే ఆ పాత గ్రంథంలోనుంచి కె.వి. రెడ్డిగారూ పింగళి నాగేంద్రరావుగారూ బీజాన్ని మాత్రం తీసుకుని, మిగిలినదంతా తమ ఊహతో కట్టారు. కాశీమజిలీ కథలు అప్పటికి ఇంటింటా చదివిన పుస్తకమే. అయినా ఈనాడు మూలాన్ని పాడుచేశారని ఎవరూ అనరు, పైగా చాలామందికి మూలం ఒకటుందనే తెలియదు.

అక్కడ ఫలించినది ఏమిటో చూడండి. తోటరాముడు రాజకుమారుడు కాడు, తోటమాలి కొడుకు. ఆ వేషం వేసిన రామారావుగారు అప్పటికి ఇంకా అగ్రనటుడు కాలేదు. ఆ సినిమాయే ఆయనను ఆ మెట్టు ఎక్కించింది. ఇక ఎస్.వి. రంగారావుగారి నేపాళ మాంత్రికుడు లేకపోతే ఆ సినిమా ఉందా? కాబట్టి ‘రాకాసిలోయ’ తీసేవారు ముందు వెతకవలసింది కేశవుడి కోసం కాదు, బ్రహ్మదండి కోసం. క్రౌర్యంతో పాటు అప్పుడప్పుడు గుటకలు మింగే పిరికితనాన్నీ, తన మంత్రం పారనప్పుడు మొహంలో కనిపించే చిరాకునూ చూపగల నటుడు దొరికితే సగం పని అయినట్టే.

మిగిలిన సగం చిత్రగారు ఎప్పుడో చేసిపెట్టి పోయారు. అసలు పేరు టి.వి. రాఘవన్, ఆ సీరియళ్ళకు బొమ్మలు వేసినది ఆయనే. 1978లో ఆయన పోయిన తరువాత దాసరిగారి జానపద సీరియల్ చందమామలో మళ్ళీ రాలేదు. ఆ బొమ్మల్లో కత్తి పిడి ఎలా ఉందో, కోటగోడ రాళ్ళు ఎలా పేర్చారో, ఆటవికుల తలపాగా ఎటు వంగిందో అన్నీ ఉంటాయి. మా భాషలో చెప్పాలంటే అది చాలావరకు తయారైన స్టోరీబోర్డు. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ తీసినప్పుడు పీటర్ జాక్సన్ ఏంచేశాడంటే, ఎంతోకాలంగా ఆ పుస్తకాలకు బొమ్మలు వేస్తున్న అలన్ లీ, జాన్ హోవ్ అనే ఇద్దరు చిత్రకారులను న్యూజిలాండుకు రప్పించి, సినిమాలోని కోటలనూ ఊళ్ళనూ వారిచేతనే గీయించాడు. చదివినవారి మనసులో ఉన్న ప్రపంచమూ తెరమీది ప్రపంచమూ ఒక్కటిగా కనిపించడానికి అది ఒక ముఖ్య కారణం. మనకు చిత్రగారు లేరు, కాని ఆయన బొమ్మలున్నాయి.

నా భయం మీ ఇద్దరి భయంకంటె వేరు. ఈమధ్య వస్తున్న జానపద, పౌరాణిక చిత్రాలలో ఆకాశం ఎప్పుడూ మబ్బుపట్టే ఉంటుంది, పొగ, బూడిద, నిప్పురవ్వలు తప్ప రంగు కనిపించదు. గ్రాఫిక్సులోని లోపాలు చీకట్లో కనిపించవన్నది అందులో సగం కారణమని లోపలివాడిగా చెప్పగలను. చిత్రగారి అడవి పట్టపగటి అడవి. పచ్చని చెట్టు, పసుపు ధోవతి, నీలి ఆకాశం, వాటి మధ్య హాయిగా నిలబడి ఉన్న ఒక వింతమృగం. ఆ వెలుతురులోనే భయం పుట్టించడం ఆయన గొప్పతనం. ‘రాకాసిలోయ’ను బొగ్గుగనిలా చూపిస్తే మాత్రం నేను మొదటి ఆటకు కూడా వెళ్ళను.

ఇంకొక మాట. అగ్రనటుడు లేకపోతే ఇంత ఖర్చుకు ఎవరూ ముందుకు రారన్నది నిజం. అగ్రనటుడు వస్తే కథ ఆయన చుట్టూ తిరగక తప్పదన్నదీ నిజం. ఈ ముడికి నాకు తోచిన విప్పు యానిమేషన్. 2025లో ‘మహావతార్ నరసింహ’ను జనం థియేటర్లకు వెళ్ళి మరీ చూశారు కదా. చిత్రగారి గీతను అలాగే కదిలించగల మార్గం కూడా అదొక్కటే.


సమాధానం 3
రాసినవారు: వాయిదా

ఎలా తీయాలన్న చర్చ బాగుంది, కాని తీయడానికి అనుమతి ఎవరివ్వాలన్నది నిర్మాత ముందుగా అడిగే ప్రశ్న. న్యాయవాదిగా నాకు తెలిసినంత చెబుతాను. ఎవరి కాగితాలూ చూసి చెబుతున్నది కాదు.

1957 కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం, ఒక పత్రికలో ఉద్యోగిగా ఉన్న రచయిత ఆ పత్రికలో ప్రచురణకోసం రాసిన రచనమీద, వేరే ఒప్పందం లేనప్పుడు, పత్రికల్లో ప్రచురించుకునే హక్కు మాత్రమే యజమానిది. మిగిలిన అన్ని విషయాలలోనూ మొదటి హక్కుదారు రచయితే. సినిమా హక్కు ఆ మిగిలినవాటిలోకి వస్తుంది. అదే సూత్రం ఉద్యోగిగా ఉన్న చిత్రకారుడి బొమ్మలకూ వర్తిస్తుంది. కాబట్టి ఆనాటి ఒప్పందంలో వేరే షరతు ఏదైనా ఉందా అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. రచయిత మరణించిన తరువాతి సంవత్సరం మొదలు అరవై ఏళ్ళ వరకు హక్కు ఉంటుంది; దాసరిగారు 2010లో మరణించారు కనుక 2070 ముగిసేదాకా, చిత్రగారి బొమ్మలకు 2038 ముగిసేదాకా అని లెక్క. సీరియళ్ళ మీద రచయిత పేరు వేయకపోవడం వల్ల అవి అజ్ఞాత రచనలవుతాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. అటువంటి రచనలకు ప్రచురణ నుంచి అరవై ఏళ్ళే గడువు, కాని ఆ గడువు తీరకముందే రచయిత ఎవరో బయటపడితే మళ్ళీ మామూలు లెక్కే వర్తిస్తుంది. దాసరిగారి పేరు ఎప్పుడో బయటపడింది.

చందమామ సంస్థ 2007లో చేతులు మారింది, కొన్నేళ్ళకు పత్రిక ఆగిపోయింది, కొన్న కంపెనీ న్యాయస్థానాల చిక్కుల్లో పడింది. ఇటువంటి చరిత్ర ఉన్న కథను ముట్టుకోవడానికి నిర్మాతలు జంకుతారు. నా భయం చెడ్డ సినిమా వస్తుందని కాదు. హక్కుల తలనొప్పి పడలేక, పేర్లు మార్చి, లోయను గుహగా చేసి, ఎవరికీ ఏమీ ఇవ్వకుండా, ఎవరి పేరూ చెప్పకుండా తీసేస్తారని. అది జరిగితే మనం పోలికలు వెతుక్కుంటూ కూర్చోవలసిందే.


సమాధానం 4
రాసినవారు: వడపళని వీధి

నేను మద్రాసు తెలుగు కుటుంబంలో పుట్టినదానిని. చందమామ తయారైన ఊళ్ళోనే ఉంటూ, ఇంట్లో తెలుగు చందమామనూ పక్కింట్లో తమిళ చందమామ అయిన అంబులిమామానూ చదివాను. ఈ సీరియళ్ళు కన్నడంలోకీ హిందీలోకీ మరాఠీలోకీ ఒడియాలోకీ కూడా వెళ్ళాయి కనుక, వీటి అభిమానులు తెలుగువారొక్కరే అనుకోకూడదు. ‘పాన్ ఇండియా’ అని ఈరోజు అంటున్నదానిని ఆ పత్రిక అట్టహాసం లేకుండా అప్పుడే చేసింది.

మా తమిళ మిత్రులకు ఈ ఆశలూ భయాలూ అన్నీ అనుభవంలోకి వచ్చాయి. కల్కి కృష్ణమూర్తిగారి ‘పొన్నియిన్ సెల్వన్’ చరిత్ర నవలే గాని జానపదం కాదు, అయినా దాని పుట్టుక ఇటువంటిదే: 1950 నుంచి 1954 దాకా వారపత్రికలో సీరియల్‌గా, మణియంగారి బొమ్మలతో వచ్చింది. ఎం.జి.ఆర్. అంతటివాడు 1950లలోనే దానిని తీయాలనుకుని తీయలేకపోయాడు. చివరకు మణిరత్నంగారు 2022, 2023లలో రెండు భాగాలుగా తీశారు. ఐదు భాగాల నవల రెండు సినిమాలుగా కుదించుకుపోయినప్పుడు, సేందన్ అముదన్ జన్మరహస్యం వంటి పెద్ద మలుపునే వదిలేశారు. నవలను కంఠతా పట్టినవారు మొదటి భాగానికి చప్పట్లు కొట్టి, రెండో భాగం తరువాత గొణిగారు. అయితే నేను గమనించినది వేరొకటి: సినిమా చూసిన కుర్రవాళ్ళు నవల కొనుక్కున్నారు. దాసరిగారి పుస్తకాలకు ఆ భాగ్యం పట్టినా చాలుననిపిస్తుంది. వాయిదా గారు చెప్పిన హక్కుల చిక్కు కూడా వారికి లేదు. కల్కిగారి రచనలను తమిళనాడు ప్రభుత్వం జాతీయం చేసింది.

ఇక పాతసంచిక గారితో ఒక విభేదం. ‘హాబిట్’లో కొత్త స్త్రీపాత్రను చేర్చడం తప్పన్నట్టు రాశారు. ఆ ప్రేమకథ అతుకులబొంత అని నేనూ ఒప్పుకుంటాను. కాని దాసరిగారి కథల్లో స్త్రీలు ఎంత తక్కువో మీరెప్పుడైనా ఆలోచించారా? చిన్నప్పుడు నేను ఆ సాహసాలన్నీ మగపిల్లవాడినైపోయి చదువుకున్నాను, వేరే దారి లేదు కనుక. ‘పొన్నియిన్ సెల్వన్’లో కుందవై, నందిని లేకపోతే కథ నడవనే నడవదు. ‘రాకాసిలోయ’ను ఇప్పుడు తీసేవారు ఒక అడవిజాతి నాయకురాలినో, బ్రహ్మదండికి సమానమైన ఒక మాంత్రికురాలినో తెస్తే నేను సంతోషిస్తాను. పాటకోసం, పెళ్ళికోసం తెస్తేనే నాకు అభ్యంతరం.

ఆటవికుల విషయం కూడా అంతే ముఖ్యం. ‘శిథిలాలయం’లో శిఖిముఖి శబర యువకుడు, కథానాయకులలో ఒకడు, 1960లలో అది సామాన్యమైన విషయం కాదు. కాని ఆ కాలపు జానపదాలన్నిటిలో లాగే ఈ సీరియళ్ళలోనూ అడవిమనుషులు గుంపులుగా వచ్చి అరిచి పారిపోయే సందర్భాలున్నాయి. పుస్తకంలో హాస్యంగా దాటిపోయినది తెరమీద అవమానంగా కనిపిస్తుంది. విధేయత పేరుతో దానిని యథాతథంగా ఉంచమనడం నాకు సమ్మతం కాదు.


లోయదారి

అందరికీ కృతజ్ఞతలు. వడపళని వీధి గారూ, మీరు చెప్పిన రెండు విషయాలూ నేను ఆలోచించనివి, వాటితో ఏకీభవిస్తున్నాను. కళావిభాగం గారి యానిమేషన్, పాతసంచిక గారి భాగాలపద్ధతి రెండూ కలిస్తే, అంటే చిత్రగారి గీతతో అరగంట భాగాలుగా వస్తే, నా భయం చాలావరకు పోతుంది. వాయిదా గారికి ఒక ప్రశ్న: హక్కులు కొన్నవారు కథను ఎంతగా మార్చినా అడ్డుచెప్పే వీలు రచయిత కుటుంబానికి ఉండదా?


పాతసంచిక

వడపళని వీధి గారి మాట నాకు కొంచెం గుచ్చుకున్నా, కాదనలేను. మాంత్రికురాలైతే సరే. ఆమె కేశవుడి మేనత్త కూతురు మాత్రం కాకూడదు.


వాయిదా

లోయదారి గారూ, 57వ సెక్షను కింద రచయితకు కొన్ని ప్రత్యేక హక్కులున్నాయి, కాపీరైటు అమ్మేసినా అవి పోవు, ఆయన తదనంతరం చట్టబద్ధ ప్రతినిధులు వాటిని వినియోగించుకోవచ్చు. రచన తనదని చెప్పుకునే హక్కు ఒకటి. తన గౌరవానికి భంగం కలిగేలా రచనను వికృతం చేస్తే అడ్డుకునే హక్కు రెండవది. ఈ రెండవదానిని రుజువు చేయడం కష్టం. పాఠకులకు నచ్చలేదన్నది, కథ మారిందన్నది సరిపోదు. మొదటిది మాత్రం అంత కష్టం కాదు. ఇరవైనాలుగేళ్ళపాటు సీరియల్ కింద అచ్చుకాని పేరు అది. నిర్మాత ఎవరైనా సరే, ఒప్పందంలో మొదటి షరతుగా ‘కథ: దాసరి సుబ్రహ్మణ్యం’ అని సినిమా పేరుతో పాటు అదే తెరమీద వేయాలని కుటుంబం రాయించుకోవాలి.